తండ్రి వైపు నుంచి వచ్చే కబురు

రాజమండ్రి

చిరంజీవి మనవరాలికి,

శుక్రకణం మోసుకొచ్చేది డీఎన్ఏ ఒక్కటే అయితే తండ్రి తిన్న తిండి ప్రభావం బిడ్డ మీద ఎలా పడుతుందని అడిగావు. అడగడానికి మొహమాటపడ్డానని కూడా రాశావు. జంతుశాస్త్రం చదివేవాళ్ళు సిగ్గుపడాల్సింది ఇందులో ఏమీ లేదమ్మా.

వృషణంలో తయారయ్యే శుక్రకణం తన డీఎన్ఏని ప్రోటమిన్లతో బిగించి కట్టేసుకుంటుంది. ఆ బిగింపులో జన్యువులు దాదాపు మూగబోతాయి. అక్కణ్ణించి అది ఎపిడిడిమిస్ అనే చుట్టలు తిరిగిన నాళంలోకి వెళుతుంది. మగవాడిలో ఆ నాళాన్ని సాగదీస్తే సుమారు 6 మీటర్లు ఉంటుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది. నాళం గోడలోని కణాలు సన్నని పొర సంచుల్లో ఆర్ఎన్ఏ ముక్కల్ని నింపి వదులుతాయి. శుక్రకణం దారి పొడుగునా వాటిని అందుకుంటుంది, మన ఊళ్ళో బయల్దేరిన ప్యాసింజరు నిడదవోలు, తణుకు, అత్తిలిలో జనాన్ని ఎక్కించుకుంటూ భీమవరం చేరినట్టు. వాటిలో చాలావరకు ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ నుంచి తెగిన ముక్కలే.

ప్రోటీన్ తక్కువ తిండి తిన్న మగ చిట్టెలుకల్లో ఈ ముక్కల మోతాదు మారుతుందని 2016లో అమెరికాలో ఆలివర్ రాండో ప్రయోగశాల నుంచి ఉపాసనా శర్మ తదితరులు చూపించారు. అదే ఏడాది చైనా పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. కొవ్వు బాగా తిన్న చిట్టెలుకల శుక్రకణాల నుంచి ఈ ముక్కల్ని వేరుచేసి, మామూలు పిండాల్లోకి సూదితో ఎక్కించారు. పుట్టిన పిల్లలకి గ్లూకోజుని అదుపు చేసుకునే శక్తి తగ్గింది. తండ్రిని పక్కన పెట్టి ఆర్ఎన్ఏ ముక్కల్నే పంపినా లక్షణం దిగింది చూశావా! నా దృష్టిలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

మనుషుల మాటకొస్తే, 2019లో స్వీడన్‌లో 15 మంది యువకులకి ఒక వారం మంచి తిండి, మరో వారం చక్కెర దండిగా పెట్టారు. అంతలోనే వాళ్ళ శుక్రకణాల్లో ఈ ముక్కలు మారాయి. ఆ మార్పు బిడ్డ దాకా చేరుతుందని మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. చిట్టెలుకలకీ మనుషులకీ ఉన్న ఈ తేడాని పరీక్షలో రాయడం మరిచిపోకు.

తండ్రి తిండి ప్రభావానికి ఇంకో దారి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1940లలో లెడర్లీ మందుల కంపెనీలో తయారుచేసిన ఫోలిక్ యాసిడ్‌ని ఇవాళ గర్భిణులకి తప్పకుండా ఇస్తున్నారు. అదే విటమిన్‌ని, అంటే ఫోలేటుని, తక్కువ తిన్న మగ చిట్టెలుకల పిల్లల్లో పుట్టుక లోపాలు పెరిగాయని 2013లో కెనడాలో తేలింది. అది డీఎన్ఏ మీది మిథైల్ గుర్తుల దారి, వేరే పాఠం.

మన ఇళ్ళలో బిడ్డ నలతగా పుడితే తల్లి ఏం తిందో, ఏం తినలేదో ఆరా తీస్తారు. తండ్రిని ఒక్కరూ అడగరు. అది అన్యాయం. శుక్రకణం తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది. అందుకే తండ్రి జాగ్రత్త ముందునుంచే మొదలవ్వాలి. పెళ్ళి కుదిరిన మీ అన్నయ్యకి ఈ ఉత్తరం చదివి వినిపించు. సిగరెట్టు మానమనీ, షుగరు పరీక్ష చేయించుకోమనీ తాతయ్య చెప్పాడని చెప్పు.

మీ తాతయ్య