పరిశోధన ప్రశ్నను కుదించుకోవడం: ధర్మపురి యాసంగి వరిలో జింకు లోపం ఒక ఉదాహరణ

"ధర్మపురి ప్రాంతంలో వరి దిగుబడిని పెంచడం ఎలా?" స్నాతకోత్తర విద్యార్థులు తరచుగా ఇటువంటి ప్రశ్నతో వస్తారు. రైతు అడగవలసిన ప్రశ్నే ఇది. కాని విత్తనం, నీరు, ఎరువు, కలుపు, చీడపీడలు అన్నీ ఇందులో ఇమిడి ఉన్నందున ఒకటి రెండు పంటకాలాల్లో దీనికి సమాధానం లభించదు.

మొదటి మెట్టు క్షేత్ర పరిశీలన. యాసంగి నాట్లు చలిలో పడతాయి. చలికి మొక్క జింకును తగినంత గ్రహించలేదు. నాటిన రెండు నుండి నాలుగు వారాల్లో ఆకులపై తుప్పురంగు మచ్చలు ఏర్పడి పైరు గిడసబారుతుంది. ఇక్కడితో "వరి" అన్న విశాల విషయం "యాసంగి వరిలో జింకు లోపం"గా కుదిరింది.

రెండవ మెట్టు పోలిక. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయడం ఒక సిఫారసు. లోపం కనిపించినపుడు లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున 5 రోజుల వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారీ చేయడం మరొకటి. దమ్ములో వేయని రైతుకు రెండవదే దిక్కు. కావున ప్రశ్న ఇది: "జింకు లోపమున్న నేలలో యాసంగి వరికి పిచికారీ మాత్రమే చేస్తే, దమ్ములో వేసినప్పటి కంటే గింజ దిగుబడి ఎంత తగ్గుతుంది?" పంట, కాలం, నేల, పోలిక, కొలత అయిదూ ఇందులో ఉన్నాయి.

మూడవ మెట్టు సాధ్యత. జింకు లేకుండా, దమ్ములో, పిచికారీగా, రెండు విధాలా అన్న నాలుగు ట్రీట్‌మెంట్లను రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో 5 పునరావృతులతో వేస్తే 20 మళ్లు చాలు. ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3×4=12; సాధారణంగా ఇంతకు తగ్గరాదు. భాస్వరం అధికమైతే జింకు లభ్యత తగ్గుతుంది గదా అని మూడు భాస్వరం మోతాదులు చేర్చితే ట్రీట్‌మెంట్లు 12 అవుతాయి. మూడు పునరావృతులకే 36 మళ్లు, వాటికి విడివిడి గట్లు, కాలువలు కావాలి. అది వేరొక సిద్ధాంత గ్రంథానికి తగిన ప్రశ్న.

ఇక మరువరాని జాగ్రత్త ఒకటి. నాటుకు ముందే డి.టి.పి.ఏ. పద్ధతిలో మట్టిని పరీక్షించాలి. జింకు 0.6 పి.పి.ఎం. కంటే అధికంగా ఉన్న మడిలో ట్రీట్‌మెంట్ల మధ్య తేడా రాకపోతే, అది పిచికారీ గొప్పతనం కాదు, నేల సమృద్ధి. ఆ ఫలితాన్ని సిఫారసుగా మార్చితే లోపమున్న నేలల రైతు నష్టపోతాడు.

జగిత్యాల సమీపాన పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానపు నివేదికలను ముందుగా చదివితే, జవాబు దొరికిన ప్రశ్ననే మళ్లీ అడిగే శ్రమ తప్పుతుంది. చివరగా, "అవును" అన్నా "కాదు" అన్నా విస్తరణ శాస్త్రవేత్త రైతుకు చెప్పే మాటలో ఏది మారుతుందో విద్యార్థి ఒక వాక్యంలో వ్రాయగలగాలి. వ్రాయలేకపోతే ప్రశ్నను మరల కుదించవలసి ఉంటుంది.