రిపోర్టులు బాగున్నాయి, ఒళ్లు బాగాలేదు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది చండ్రుగొండ మండలం. నాకు 38 ఏళ్లు. ఏడాదిగా మెడ నుంచి పిక్కల దాకా ఒళ్లంతా సలుపు. ఒకరోజు భుజాలు, ఒకరోజు నడుము, ఒక్కోరోజు అన్నీ కలిసి. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి కునుకే తీయనట్టు ఉంటోంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. పిల్లవాడు వచ్చి వాటేసుకున్నా ఓర్చుకోలేకపోతున్నాను. కొత్తగూడెంలో ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు చేయించాం. అన్నీ బాగున్నాయన్నారు. పని ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నానని ఇంట్లో అంటున్నారు.

జవాబు: నాటకం కాదు చెల్లెమ్మా. మీరు రాసిన నాలుగు సంగతులూ ఒకేచోట కనిపిస్తే డాక్టర్లకు ముందుగా తట్టాల్సిన జబ్బు ఫైబ్రోమయాల్జియా. ఒళ్లంతా నొప్పి, అలసట తీర్చని నిద్ర, మతిమరుపు, ముట్టుకుంటేనే నొప్పి. ప్రపంచంలో నూటికి ఇద్దరు నుంచి నలుగురికి ఇది ఉంటుందని అంచనా. వారిలో ఆడవాళ్లే ఎక్కువ.

ఇది కీళ్లను అరగదీసే జబ్బు కాదు, కండరాన్ని తినేసే జబ్బూ కాదు. నొప్పి కబురును మోసే నరాలు, దాన్ని అందుకునే వెన్నుపాము, మెదడు అతిగా స్పందిస్తుంటాయి. మామూలు ఒత్తిడిని కూడా దెబ్బగా లెక్కేస్తాయి. అందుకే ఎక్స్‌రేలో గానీ రక్తంలో గానీ ఏమీ దొరకదు. ఆ పరీక్షలు వెతికేది వాపును, అరుగుదలను. మీ ఇబ్బంది ఉన్నచోటు వేరు. కాబట్టి రిపోర్టు బాగుందంటే నొప్పి లేదని అర్థం కాదు. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

1990లో అమెరికా కీళ్లవైద్యుల సంఘం దీన్ని గుర్తించడానికి ఒంటి మీద 18 చోట్లు చెప్పి, నొక్కితే 11 చోట్ల నొప్పి ఉండాలంది. 2010లో ఆ నొక్కుడు పరీక్షను పక్కనపెట్టారు. 2016లో సవరించిన పద్ధతి ప్రకారం ఒంటిని ఐదు భాగాలుగా చూస్తారు: కుడి పైభాగం, ఎడమ పైభాగం, కుడి కిందిభాగం, ఎడమ కిందిభాగం, మెడ నుంచి నడుము దాకా ఉన్న మధ్యభాగం. వీటిలో కనీసం నాలుగింట నొప్పి, మూడు నెలలకు పైగా ఉండాలి. దానితోపాటు అలసట, నిద్ర, జ్ఞాపకశక్తి ఎలా ఉన్నాయో అడిగి మార్కులు వేస్తారు. తలనొప్పి, పొత్తికడుపులో నొప్పి, దిగులు ఉన్నాయా అని కూడా అడుగుతారు. చేతులు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, పెద్ద శబ్దాన్నీ చలిగాలినీ తట్టుకోలేకపోవడం కూడా ఈ జబ్బులో చూస్తాం. ఇవి ఉంటే అడగకపోయినా చెప్పండి. చాలామంది ఆడవాళ్లు నొప్పి ఒక్కటే చెప్పి లేచి వెళ్లిపోతారు.

అయితే ఉత్తరం చూసి జబ్బు ఖాయం చేయకూడదు. ఇలాంటి నొప్పులే తెచ్చేవి ఇంకా ఉన్నాయి. థైరాయిడ్ తగ్గడం, రక్తం తక్కువ కావడం, విటమిన్ డి లోపం ముఖ్యమైనవి. విటమిన్ డి బాగా తగ్గితే ఎముకలు మెత్తబడి, కింద కూర్చుంటే చేయి ఆనించకుండా లేవలేరు. చికున్‌గున్యా వచ్చి తగ్గాక కూడా నెలల తరబడి కీళ్లు పట్టేస్తాయి. నల్గొండ వైపు పెరిగినవాళ్లయితే ఫ్లోరైడ్ నీళ్ల సంగతి కూడా అడగాలి. మీరు చేయించిన పరీక్షల్లో టీఎస్‌హెచ్, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, విటమిన్ డి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. అక్కడ రక్తం తీసుకుని జిల్లా ల్యాబ్‌కు పంపి ఉచితంగా పరీక్షించే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఏర్పాటు ఉంది.

ప్రశ్న: ఇవే నొప్పులకు మా ఊరి ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు రోజులు హాయిగా ఉంటోంది. మళ్లీ మామూలే. వారానికోసారి వేయించుకోవచ్చా?

జవాబు: వద్దు. అలాంటి సూదుల్లో తరచూ ఉండేవి డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్. మొదటిది నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. రెండోది స్టెరాయిడ్. షుగరు పెంచుతుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. ఫైబ్రోమయాల్జియాలో వాపు ఉండదు గనుక వాపు తగ్గించే ఈ మందులతో నిలబడే మేలు లేదు. దీనికి పనికొచ్చే మందులు వేరు: రాత్రిపూట తక్కువ మోతాదులో ఎమిట్రిప్టిలిన్, లేదా డ్యులాక్సెటిన్, ప్రిగాబాలిన్. అందరికీ పనిచేయవు. మత్తు, నోరెండటం, బరువు పెరగడం ఉంటాయి కాబట్టి ఫిజీషియన్ చూసి రాయాలి. కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, అక్కడి జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లండి. అక్కడా తేలకపోతే హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

ప్రశ్న: మేం కోయవాళ్లం. మా అబ్బాయికి 17 ఏళ్లు. రెండు మూడు నెలలకోసారి కాళ్లు, వీపు భరించలేనంత నొప్పి. తర్వాత తగ్గిపోతుంది. కళ్లు పచ్చగా ఉంటాయి. ఇది కూడా ఆ జబ్బేనా?

జవాబు: ఈ ఉత్తరానికి అన్నిటికంటే తొందరగా కదలాలి. ఉండుండి విరుచుకుపడే ఎముకల నొప్పి, పచ్చని కళ్లు చూస్తే ముందు సికిల్ సెల్‌ను అనుమానించాలి. మన ఏజెన్సీ గిరిజనుల్లో అది ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డం పడితే ఆ నొప్పి వస్తుంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్ష ఉచితం. ఈ వారంలోనే చేయించండి, తోబుట్టువులకు కూడా. ఉన్నట్టు తేలితే హైడ్రాక్సీయూరియా అనే మందుతో నొప్పి దాడులు బాగా తగ్గుతాయి. నీళ్లు ఎక్కువ తాగించండి. జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం వస్తే రాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు ఫైబ్రోమయాల్జియా అని తేల్చారు. రోజూ వ్యాయామం చేయమన్నారు. పొద్దంతా పత్తి చేలో వంగి ఏరేదాన్ని, ఇంకా వ్యాయామమేంటి సార్?

జవాబు: మీరడిగింది న్యాయమైన ప్రశ్న. ఐరోపా కీళ్లవైద్య నిపుణులు ఈ జబ్బుకు ఉన్న వైద్యాలన్నిటినీ తూచి, గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామాన్ని ఒక్కదాన్నే. కానీ గంటల తరబడి నడుము వంచి ఒకే కదలికతో చేసే పని వ్యాయామం కాదు. పైగా పత్తి ఏరేది కిలోల లెక్కన కాబట్టి ఒళ్లు బాగున్న రోజు విరగబడి ఏరుతారు, తర్వాత రెండు మూడు రోజులు మంచం దిగలేరు. ముందు మార్చాల్సింది అది. బాగున్న రోజూ బాగాలేని రోజూ దాదాపు ఒకే కొలతలో పని చేయండి. అరగంటకోసారి నిటారుగా నిలబడి భుజాలు వెనక్కి తిప్పండి. కూలి తగ్గుతుందని తెలుసు. కానీ మంచాన పడ్డ రోజుల కూలి కూడా లెక్కలోకి తీసుకోండి.

పని లేని రోజుల్లో పది నిమిషాల మెల్లని నడకతో మొదలుపెట్టండి. రెండు వారాలకోసారి రెండు మూడు నిమిషాలు పెంచండి. మొదట్లో నొప్పి కాస్త ఎక్కువవుతుంది, భయపడి మానేయవద్దు. సాయంత్రం తర్వాత టీ తాగకండి. రోజూ ఒకే వేళకు పడుకోండి. ఫలితం రెండు మూడు నెలలకు గానీ తెలియదు.

కీలు వాచి వేడిగా ఉన్నా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, కాళ్లలో బలం పోతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా అది ఫైబ్రోమయాల్జియా ఖాతాలో వేయకండి. మళ్లీ డాక్టరుకు చూపించుకోండి. ఒక జబ్బు ఉన్నంత మాత్రాన రెండోది రాకూడదనేం లేదు.