ఇల్లు మారే పెద్ద కుక్క పెంపకానికి అదను: సెలవుల ప్రయాణం గల నగర కుటుంబాలకు ఒక నిర్ణయ క్రమం

సారాంశం

ఒకరి ఇంట పెరిగిన కుక్కను తెచ్చుకోదలచిన కుటుంబం అదే కాలంలో సెలవుల ప్రయాణం కూడా తలపెట్టినప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. హైదరాబాదు వెంగళరావు నగర్ వంటి కాలనీ వార్షిక జీవన క్రమాన్ని ఉదాహరణగా తీసుకొని, కుక్క ప్రవర్తనపై జరిగిన పరిశోధనలు, టీకాల వ్యవధి, విస్తరణ శాస్త్రంలోని స్వీకరణ సిద్ధాంతం అనే మూడింటి ఆధారంగా నిర్ణయ క్రమాన్ని సూచించడమైనది. ప్రయాణానికి ఎనిమిది వారాలకన్నా తక్కువ గడువు ఉన్నప్పుడు తిరిగి వచ్చిన తరువాతనే కుక్కను తెచ్చుకోవడం మేలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలక పదాలు: పెద్ద కుక్క, దత్తత, అదను, స్వీకరణ ప్రక్రియ, రేబిస్ టీకా, నగర విస్తరణ

ఉపోద్ఘాతం

విత్తనం మేలైనదే అయినా అదను తప్పితే పంట దక్కదని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నగరంలోని కుటుంబం మాత్రం ప్రాణిని ఇంటికి తెచ్చుకొనేటప్పుడు జాతి, రంగు, వయసు, ఖర్చు గురించి ఆలోచించినంతగా కాలం గురించి ఆలోచించదు. విస్తరణ శాస్త్రవేత్త నేడు పొలం గట్టుకే పరిమితుడు కాడు. మిద్దె తోట గురించి అడిగిన గృహస్థే పెంపుడు కుక్క గురించి కూడా అడుగుతాడు. చికిత్సకు సంబంధించిన ప్రశ్నను పశువైద్యునికి అప్పగించవలసిందే. ఎప్పుడు తేవాలి, ఏ క్రమంలో సిద్ధపడాలి అన్నది మాత్రం నిర్ణయ ప్రక్రియకు సంబంధించిన ప్రశ్న. అది విస్తరణ శాస్త్ర పరిధిలోనిదే.

నేపథ్యం: వెంగళరావు నగర్

1973 నుంచి 1978 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు పేరిట వెలసిన ఈ కాలనీ అమీర్‌పేట, యూసుఫ్‌గూడల నడుమ, జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలో ఉన్నది. ఒకనాటి విడి ఇళ్ల స్థానంలో నేడు అపార్టుమెంట్లు నిలిచాయి. ఉద్యోగులు, విద్యార్థులు, సమీపంలోని కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్‌లలో సినిమా పనులపై ఆధారపడిన కుటుంబాలు ఇరుగుపొరుగున నివసిస్తారు. ఇల్లు మారడం, పొరుగు రాష్ట్రానికి బదిలీ కావడం, విదేశానికి వెళ్లడం, ఔట్‌డోర్ షూటింగు కారణంగా వారాల తరబడి ఇంట లేకపోవడం ఇక్కడ వింత కాదు. మూడు, నాలుగు, ఆరు సంవత్సరాల వయసున్న కుక్క కొత్త ఇల్లు వెతుక్కోవలసి రావడానికి ఇటువంటి కారణాలే ఎక్కువ. తప్పు కుక్కది కానక్కరలేదు. జంతు సంక్షేమం ఈ ప్రాంతానికి కొత్త మాట కూడా కాదు. అమల అక్కినేని ప్రారంభించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ 1992 నుంచి నగరంలో పనిచేస్తున్నది.

పెద్ద కుక్కను తెచ్చుకోవడంలో కొన్ని సౌలభ్యాలు ఉన్నాయి. దాని పరిమాణం, స్వభావం చాలావరకు తెలిసే ఉంటాయి. మలమూత్ర విసర్జన నియమం, గొలుసుతో నడవడం సాధారణంగా అలవడి ఉంటాయి. అయితే కుక్కపిల్లకు లేనిది దానికి ఒకటి ఉన్నది: గతం. వదలి వచ్చిన మనుషులు, మెట్లు, వాసనలు, భోజన వేళలు దాని జ్ఞాపకంలో ఉంటాయి.

పరిశోధనలు చెప్పేది

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక జంతు ఆశ్రయంలోని కుక్కలపై హెనెసీ, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా వచ్చిన కుక్కల రక్తంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోను మొదటి మూడు రోజులు అధికంగా ఉన్నట్లు తేలింది. తొమ్మిది రోజులకు మించి అక్కడ ఉన్న కుక్కలలో అది తక్కువగా ఉన్నది. ఆశ్రయం వేరు, ఇల్లు వేరు అన్న తేడాను మరువరాదు. అయినా స్థానం మారడం శరీరంపైన కూడా భారమేనన్న సంగతి దీనివల్ల స్పష్టమవుతుంది.

హంగరీకి చెందిన గాచి, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన ప్రయోగం మరొక కోణాన్ని చూపింది. ఆశ్రయాలలోని పెద్ద కుక్కలతో ఒక వ్యక్తి మూడుసార్లు, ప్రతిసారి పది నిమిషాల చొప్పున గడిపిన తరువాత పరీక్షించగా, అవి ఆ వ్యక్తి పట్ల అనుబంధ లక్షణాలు కనబరిచాయి. పెరిగిన కుక్కకు కొత్తవారు దగ్గర కారన్న అపోహను ఈ ప్రయోగం తొలగిస్తుంది.

ఈ రెండింటినీ కలిపి చదివితే మన ప్రశ్నకు సంబంధించిన అసలు విషయం బయటపడుతుంది. కుక్క తేరుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది. అనుబంధం మాత్రం అంతకన్నా ముందే మొలకెత్తవచ్చు. కాబట్టి తెచ్చిన రెండవ వారంలో దానిని మరొకచోట వదలి ప్రయాణమైతే, ఒత్తిడి ఇంకా పూర్తిగా తగ్గకముందే కొత్త బంధం తెగినట్లవుతుంది. నారుమడి నుంచి పీకి నాటిన వరి కొత్త వేరు తొడిగి పచ్చబడే దశలో ఉండగా దానిని మళ్లీ కదిలించడం వంటిదే ఇది.

మొదటి వారంలో కుక్క మూలన పడుకొని, తక్కువ తిని, పిలిచినా పలకకపోవచ్చు. ఆ మౌనాన్ని చూసి "ఎంత బుద్ధిమంతురాలో, ఎవరి దగ్గరైనా ఉంటుంది" అని కుటుంబం తలచడం సహజం. అది సర్దుకోవడం కాకపోవచ్చు, బెదురు కావచ్చు. ఒంటరిగా వదిలితే మొరగడం, తలుపు గీకడం, అపరిచితులపై గుర్రుమనడం వంటివి తరువాతి వారాలలో బయటపడవచ్చు. ఆ లక్షణాలు యజమానికే తెలియని దశలో, వసతి కేంద్రం వారికి ఆయన ఏమని చెప్పగలడు?

టీకాల వ్యవధి

ఇచ్చేవారి వద్ద టీకాల కార్డు సక్రమంగా ఉంటే పని సులువు. కార్డు లేనప్పుడు పశువైద్యుని సలహాపై రేబిస్ టీకా మొదటి నుంచి వేయించవలసి ఉంటుంది. టీకా వేసిన వెంటనే రక్షణ ఏర్పడదు. ఐరోపా సమాఖ్య దేశాలు తొలి రేబిస్ టీకా వేసిన 21 రోజుల తరువాతనే కుక్కను తమ దేశంలోకి అనుమతించడానికి కారణం ఇదే. ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ నివారణ టీకాను రెండు నుంచి నాలుగు వారాల వ్యవధితో రెండు మోతాదులుగా వేస్తారు. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీషియా జ్వరం లక్షణాలు బయటపడడానికి ఒకటి నుంచి మూడు వారాలు పట్టవచ్చు. అంటే వచ్చిన రోజున ఆరోగ్యంగా కనిపించిన కుక్క వసతి కేంద్రంలో ఉండగా జబ్బుపడవచ్చు.

మరొక ముఖ్య విషయం. కుక్క ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలపాటు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కరిచిన కుక్కను పది రోజులు పరిశీలనలో ఉంచాలి. యజమాని వందల కిలోమీటర్ల దూరాన ఉంటే ఈ బాధ్యత పొరుగువారిపై పడుతుంది. కొత్త ఇంట, కొత్త మనుషుల మధ్య బెదిరి ఉన్న కుక్క విషయంలో ఈ అవకాశాన్ని తేలికగా తీసుకోరాదు.

స్వీకరణ సిద్ధాంతం దృష్టిలో

అయోవా రైతులు సంకర మొక్కజొన్నను స్వీకరించిన తీరుపై రయాన్, గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనం విస్తరణ విద్యార్థులకు పరిచితమే. రైతులు మొదట కొద్దిపాటి విస్తీర్ణంలో వేసి చూసి, తరువాతనే పెంచారు. రోజర్స్ 1962లో వెలువరించిన గ్రంథం ఈ ప్రయత్న దశకు సిద్ధాంతంలో స్థానం కల్పించింది. కొత్త పద్ధతిని చిన్న మోతాదులో పరీక్షించే వీలుంటే స్వీకరణ సుగమమవుతుంది. నచ్చకపోతే విడిచిపెట్టే వీలూ ఉంటుంది.

కుక్క విషయంలో ఈ సిద్ధాంతాన్ని యథాతథంగా అన్వయించలేము. రైతు కొత్త విత్తనాన్ని మరుసటి ఏడు విడిచిపెడితే నష్టం ఆయనది. విత్తనానికి బాధ లేదు. దత్తత విఫలమైతే మొదటి నష్టం దత్తతకు వచ్చిన ప్రాణిదే. అది మరోసారి ఇల్లు మారుతుంది, లేదా వీధిపాలవుతుంది. పెంపుడు జంతువును సహేతుక కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. విడిచిపెట్టే స్వేచ్ఛ ఇంత పరిమితమైనప్పుడు ప్రయత్న దశను కుక్క ఇంటికి రాకముందే పూర్తి చేయాలి. పాత ఇంటికి మూడు నాలుగుసార్లు వెళ్లి దానితో నడవడం, ఒక సెలవురోజు తమ ఇంటికి తెచ్చి సాయంత్రం తిరిగి అప్పగించడం ఇందుకు తగిన మార్గాలు.

సంవత్సర క్రమం

తెలంగాణలో పాఠశాలల వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 వరకు ఉంటాయి. పిల్లలు ఇంట ఉంటారు కదా అని సెలవుల ఆరంభంలో కుక్కను తేవాలన్న కోరిక కలుగుతుంది. అదే సెలవులలో ఊరి ప్రయాణం, తీర్థయాత్ర, పెళ్లిళ్లు కూడా వస్తాయి. మే నెలలో హైదరాబాదులో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. కుక్కను కారులో దూరం తీసుకువెళ్లడం వడదెబ్బకు దారితీయవచ్చు. సంక్రాంతికి కాలనీలో సగం ఇళ్లు తాళాలతో కనిపిస్తాయి. విజయదశమి తరువాత సుమారు ఇరవై రోజులకు దీపావళి వస్తుంది. బాణసంచా శబ్దం ఇంటికి అలవాటుపడిన కుక్కకే బెదురు.

ఈ లెక్కన పాఠశాలలు తెరిచిన తరువాత, జూన్ మూడవ వారం నుంచి జూలై చివరి వరకు ఉన్న కాలం అనుకూలమైనది. వానాకాలపు విత్తుకు అదనైన ఆ రోజులే ఈ పనికీ అదను. దసరా సెలవులకు ముందు రెండు నెలలైనా చేతిలో ఉంటాయి. పిల్లలు బడికి వెళ్లే అసలు దినచర్యనే కుక్క మొదటి నుంచి నేర్చుకుంటుంది. వానలలో పిడుదుల బెడద ఉంటుంది కనుక నివారణ మందు విషయంలో మాత్రం ఏమరుపాటు తగదు.

నిర్ణయ క్రమం

ప్రయాణ తేదీ నుంచి వెనుకకు లెక్కించడం ఈ క్రమానికి ఆధారం.

1. ఎనిమిది వారాలు, అంతకు మించి గడువు ఉన్నప్పుడు: కుక్కను తెచ్చుకోవచ్చు. మొదటి వారంలో పశువైద్య పరీక్ష, టీకా. రెండవ వారం వరకు పాత ఆహారమే, ఆపై క్రమంగా మార్పు. నాలుగవ వారానికి లెప్టోస్పైరోసిస్ రెండవ మోతాదు. అయిదవ వారం నుంచి వసతి కేంద్రానికి రెండు పగటి సందర్శనలు, తరువాత ఒక రాత్రి బస. ఆ రాత్రి గడిచిన తీరును బట్టి ప్రయాణ ఏర్పాట్లు ఖరారు చేయాలి.

2. ఎనిమిది వారాలకు తక్కువ గడువు ఉండి, ఇచ్చేవారు ఆగగలిగినప్పుడు: తిరిగి వచ్చే వరకు కుక్కను పాత ఇంటనే ఉంచమని కోరాలి. అంతవరకు అయ్యే ఆహార వ్యయాన్ని తీసుకొనేవారు భరించడం న్యాయం.

3. ఇచ్చేవారు ఆగలేనప్పుడు: విమాన టిక్కెట్టు తేదీ నిర్ణయమైపోయిన వారి వద్ద ఈ చిక్కు తరచు ఎదురవుతుంది. అప్పుడు కుటుంబంలో ఒకరు ప్రయాణం మానుకొని ఇంట ఉండడం ఉత్తమం. కుక్క ముందే ఎరిగిన బంధువు వచ్చి ఆ ఇంటిలోనే ఉండడం దాని తరువాతిది. రెండింటిలోనూ కుక్కకు ఇల్లు మారదు. ఈ రెండూ సాధ్యం కాకపోతే ప్రయాణాన్ని వాయిదా వేయాలి, లేదా ఆ కుక్కను మరొక కుటుంబానికి విడిచిపెట్టాలి.

4. వెంట తీసుకువెళ్లదలచినప్పుడు: రైలులో ఏసీ మొదటి తరగతిలో కూపే లేదా క్యాబిన్ మొత్తం తమకే కేటాయింపు అయితేనే కుక్కను వెంట ఉంచుకోవచ్చు, లేనప్పుడు బ్రేక్ వ్యానులోని పెట్టెలో పంపాలి. బెదురు తీరని కుక్కకు ఆ పెట్టె తగదు. బస చేసే చోట అనుమతి ఉన్నదో లేదో ముందే తెలుసుకోవాలి. దేవస్థాన సత్రాలపై ఆశ పెట్టుకోరాదు.

ఏ మార్గమైనా మొదటి రోజునే కుక్క మెడపట్టీకి ఫోన్ నంబరు గల బిళ్ల కట్టాలి. తలుపు తెరిచి ఉంటే పాత ఇంటిని వెతుక్కుంటూ బయటికి పోయే ప్రమాదం తొలి వారాలలో ఎక్కువ. ఇచ్చేవారి నుంచి టీకాల కార్డుతోపాటు భోజన వేళలు, పెరుగన్నమా వేరే ఆహారమా, ఏ మాటకు పలుకుతుంది, లిఫ్టు ఎక్కుతుందా, పిల్లలతో ఎలా ఉంటుంది, మునుపు ఎవరినైనా కరిచిందా అన్నవి వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. దాని పాత దుప్పటిని ఉతకకుండా తెచ్చుకోవడం మంచిది.

విద్యార్థులకు క్షేత్ర అభ్యాసం

ప్రతి విద్యార్థి తన కాలనీలో పెద్ద కుక్కను తెచ్చుకున్న అయిదు కుటుంబాలను కలిసి మూడు ప్రశ్నలు అడగవలెను: కుక్క ఏ నెలలో వచ్చింది? తరువాత కుటుంబం మొదటిసారి ఎన్ని రోజులకు ఊరు విడిచింది? ఆ రోజులలో కుక్క ఎక్కడ, ఎవరితో ఉన్నది? సేకరించిన సమాధానాలను పై నాలుగు మార్గాలతో పోల్చి, ఎనిమిది వారాల ప్రతిపాదన నిలుస్తుందో, సవరణ కోరుతుందో తరగతిలో చర్చించవలెను.

ముగింపు

సెలవుల ప్రయాణం తలపెట్టిన కుటుంబం పెద్ద కుక్కను పెంచడానికి అనర్హమైనదని చెప్పడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఏటా నాలుగు రోజులు ఊరికి వెళ్లని కుటుంబం అరుదు. ప్రయాణానికి వెనుకాడనక్కరలేదు, క్రమాన్ని పాటిస్తే చాలు. సలహా కోరి వచ్చిన గృహస్థును విస్తరణ శాస్త్రవేత్త ఏ జాతి కుక్క అని అడగడానికి ముందు, ఏ తేదీన ఊరికి వెళుతున్నారని అడగాలి.