అణు ఇంధనాన్ని భద్రంగా చేరవేసే కొలువులు

తొండుపల్లి, శంషాబాద్ చుట్టుపక్కల డిగ్రీ, డిప్లొమా చదివే పిల్లల్ని ‘తర్వాత ఏం చేస్తారు?’ అని అడిగితే ఎక్కువమంది నోట ఎయిర్‌పోర్టు మాటే వస్తుంది. గ్రౌండ్ స్టాఫ్, కార్గో, సెక్యూరిటీ, లేదంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన గోదాముల్లో సూపర్‌వైజర్. మంచి పనులే. కానీ అదే కార్గో షెడ్డులో మొదలై అణు విద్యుత్ కేంద్రాల దాకా వెళ్లే దారి ఇంకొకటి ఉంది. రేడియోధార్మిక పదార్థాలను ప్యాక్ చేయడం, తరలించడం, నిల్వ చేయడం. ఇందులో ఉద్యోగాలున్నాయని మన కాలేజీల్లో చెప్పేవాళ్లు చాలా తక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటే ఒక సంగతి స్పష్టం చేయాలి. రియాక్టర్లలో వాడి తీసిన ఇంధనం శంషాబాద్ మీదుగా విమానంలో వెళ్లదు. విమానాల్లో వచ్చేవి క్యాన్సర్, థైరాయిడ్ వైద్యానికి ఆస్పత్రులు తెప్పించుకునే ఐసోటోపులు, పైపుల వెల్డింగ్ లోపాలు పట్టే ఇరిడియం-192 లాంటివి. అయినా ఆ చిన్న పెట్టెకూ, వాడిన ఇంధనాన్ని మోసే భారీ క్యాస్క్‌కూ వర్తించే నిబంధనల మూలం ఒకటే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ రాసిన రవాణా నియమాలు, వాటి ప్రకారం మన అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, తెచ్చిన కోడ్. పెట్టె దగ్గర అబ్బిన క్రమశిక్షణ క్యాస్క్ దగ్గరా అక్కరకొస్తుంది.

ఇక ఇంధనం సంగతి. అది తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే. ఈసీఐఎల్ దగ్గర 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, ఎన్‌ఎఫ్‌సీ, దేశంలోని భారజల రియాక్టర్లకు యురేనియం బండిళ్లు చేసి పంపుతుంది. 220 మెగావాట్ల రియాక్టర్‌లోకి వెళ్లే బండిల్ అర మీటరు పొడవుంటుంది. అందులో 19 సన్నని గొట్టాలు, సుమారు 15 కిలోల యురేనియం డయాక్సైడ్. అలాంటి బండిళ్లు ఒక్కో రియాక్టర్‌లో 3,672 పడతాయి. కొత్త బండిల్‌ను గ్లౌజు తొడుక్కుని చేత్తో పట్టుకోవచ్చు. అదే బండిల్ ఏడాది పైచిలుకు రియాక్టర్‌లో ఉండి బయటికొచ్చాక మనిషి దాని దరిదాపులకు పోకూడదు. యంత్రమే దాన్ని తీసి లోతైన నీటి బేలోకి దించుతుంది. ఆ నీళ్లే దాన్ని చల్లారుస్తాయి, రేడియేషన్‌నూ అడ్డుకుంటాయి.

ఏళ్ల తరబడి అలా నానాక దాన్ని క్యాస్క్‌లోకి ఎక్కించి రీప్రాసెసింగ్ ప్లాంటుకు తరలిస్తారు. వాడిన ఇంధనాన్ని చెత్తగా చూడకపోవడం మన దేశ విధానం. అందులో మిగిలిన యురేనియాన్ని, కొత్తగా పుట్టిన ప్లుటోనియాన్ని వేరుచేసి మళ్లీ వాడతారు. 1964లో ట్రాంబేలో మొదలైన ఈ పని తర్వాత తారాపూర్‌కు, కల్పాక్కానికి విస్తరించింది. చివరికి మిగిలే తీవ్రమైన వ్యర్థాన్ని కరిగిన గాజులో కలిపి, స్టీలు డబ్బాల్లో పోసి, దశాబ్దాల పాటు కాపలా కాస్తారు.

క్యాస్క్ అంటే సీసమో స్టీలో దట్టంగా పొదిగిన పదుల టన్నుల పాత్ర. దాని డిజైన్‌కు అనుమతి రావాలంటే గట్టి పరీక్షలు దాటాలి. 9 మీటర్ల ఎత్తు నుంచి ఏమాత్రం లొంగని నేల మీద పడినా, మీటరు ఎత్తు నుంచి నిలువు ఇనుప కడ్డీ మీద పడినా, 800 డిగ్రీల మంటలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. వాడిన ఇంధనాన్ని మోసేదైతే 200 మీటర్ల లోతు నీటి ఒత్తిడికీ గంటసేపు నిలవాలి. మెకానికల్ విద్యార్థులు ఇక్కడ ఆగి ఆలోచించండి. పడినప్పుడు ఏ బోల్టు ఎంత సాగుతుంది, మంటలో సీలు ఎంతసేపు ఆగుతుంది అని లెక్క కట్టేది మీలాంటివాళ్లే. మెటలర్జీ చదివినవాళ్లకు వెల్డింగ్, కెమికల్ వాళ్లకు రీప్రాసెసింగ్, ఫిజిక్స్ వాళ్లకు కవచం మందం లెక్కలు.

పెట్టె మీది లేబుల్

ఇందులో రోజువారీ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. కార్గో షెడ్డులో ఐసోటోప్ పెట్టె ఉంది. సర్వే మీటర్‌తో దాని ఉపరితలం మీద కొలుస్తారు, ఆపై మీటరు దూరంలో కొలుస్తారు. మీటరు దూరంలో గంటకు 0.006 మిల్లీసీవర్ట్ వచ్చిందనుకుందాం. దాన్ని వందతో గుణిస్తే 0.6. దీన్నే ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ అంటారు. అది 1 దాటకుండా, ఉపరితలం మీద గంటకు 0.5 మిల్లీసీవర్ట్ మించకుండా ఉంటే రెండో తరగతి పసుపు లేబుల్ అంటిస్తారు. అంతకు మించితే మూడో తరగతి. ఆ అంకెను బట్టే పెట్టెను ప్రయాణికులకు ఎంత దూరంలో పెట్టాలి, ఒకేచోట ఎన్ని పెట్టవచ్చు అనేవి తేలతాయి. పైలట్ చేతికి ఇచ్చే నోటోక్ కాగితంలోనూ ఆ వివరం ఉండాలి. ఒక్క దశాంశ బిందువు తప్పినా లెక్కంతా తప్పినట్టే. ఓపిగ్గా కొలిచి, కొలిచింది కొలిచినట్టు రాసే మనుషులు ఈ రంగానికి కావాలి. హడావిడి మనుషులకు ఇది సరిపడదు.

పట్టించుకోకపోతే ఏమవుతుందో 2010లో ఢిల్లీ మాయాపురిలో చూశాం. ప్రయోగశాల నుంచి తీసేసిన పాత గామా పరికరం తుక్కు దుకాణానికి చేరింది. లోపలి కోబాల్ట్-60 ముక్కలు ఏమిటో తెలియక కోశారు. కొందరు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. వాడకం ముగిసిన వస్తువు చివరిదాకా ఎవరి లెక్కలో ఉందో చూడటమే ఈ ఉద్యోగాల సారం. నిజంగా ప్రాణాలు కాపాడే పని ఇది.

తల్లిదండ్రుల భయమూ న్యాయమైనదే, దానికి సమాధానం అంకెల్లోనే ఉంది. ఈ పనిచేసేవాళ్ల రేడియేషన్ మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదీ 30 మించకూడదు. మోతాదును కొలిచేందుకు ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జిని నిర్ణీత వ్యవధిలో పరీక్షించి ఆ లెక్కను రికార్డు చేస్తారు. గర్భం సంగతి తెలిపిన మహిళా ఉద్యోగికి ఆ పైన పరిమితులు ఇంకా కఠినంగా ఉంటాయి.

ఎవరికి ఏ దారి

‘వాడిన ఇంధన రవాణా’ అనే పేరుతో నోటిఫికేషన్ కోసం వెతికితే దొరకడం కష్టం. అణుశక్తి విభాగంలోకి మామూలు దారుల్లో చేరి, అక్కడి నుంచి ఈ పనుల్లోకి వెళ్లాలి. బీటెక్, ఎమ్మెస్సీ వాళ్లకు భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్, ట్రైనింగ్ స్కూల్ ఉంది. 60 శాతం మార్కులు, గేట్ స్కోరు లేదా బార్క్ సొంత పరీక్ష, ఆపై ఇంటర్వ్యూ. ఏడాది శిక్షణ తర్వాత సైంటిఫిక్ ఆఫీసర్. ఇంటర్వ్యూలో బట్టీ పట్టినవి అడగరు, ప్రాథమిక సూత్రాలను తవ్వుతారు. అణు విద్యుత్ కేంద్రాలను నడిపే ఎన్‌పీసీఐఎల్ కూడా గేట్ ద్వారా ఎగ్జిక్యూటివ్ ట్రైనీలను తీసుకుంటుంది. డిప్లొమా, బీఎస్సీ వాళ్లకు స్టైపెండరీ ట్రైనీ మొదటి కేటగిరీ. ఇంటర్ ఎంపీసీ, ఐటీఐ వాళ్లకు రెండో కేటగిరీ. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ చదివిన పిల్లలు దీన్ని వదులుకోవద్దు. శిక్షణలో స్టైపెండ్ వస్తుంది, ముగిశాక శాశ్వత ఉద్యోగానికి దారి ఉంటుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లకు బార్క్‌లో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ఉంది. దానితో ఆస్పత్రుల్లో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ కావచ్చు.

ఇంటి దగ్గరే మొదలుపెట్టాలంటే ప్రమాదకర సరుకుల కోర్సు చేయండి. ఎయిర్ కార్గోలో దీన్ని డీజీఆర్ అంటారు. కొద్ది రోజుల్లో ముగుస్తుంది, రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఫీజు కట్టేముందు ఆ సంస్థకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉందో లేదో తప్పక చూసుకోండి. సర్టిఫికెట్‌తోనే కొలువు ఖాయమని చెప్పేవాళ్లను నమ్మొద్దు. హెవీ లైసెన్సు ఉన్న డ్రైవర్లకూ ఒక మాట. ప్రమాదకర సరుకు నడపాలంటే మూడు రోజుల శిక్షణ, లైసెన్సు మీద ప్రత్యేక ఎండార్స్‌మెంట్ ఉండాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ట్రెమ్‌కార్డు క్యాబిన్‌లో లేకుండా బండి కదలకూడదు.

2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్ లక్ష్యమని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. కొత్త కేంద్రం ఎక్కడ వచ్చినా, అక్కడ వాడిన ఇంధనాన్ని రియాక్టర్ జీవితకాలం తర్వాత కూడా చూసుకునేవాళ్లు కావాలి. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లలు ఉద్యోగానికి వచ్చేసరికి ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. ఎంపీసీ తీసుకున్నవాళ్లు ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌ను మార్కుల కోసమే చేయకుండా, మీటరు రీడింగు స్వయంగా తీసి రాయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.