ఇచ్చి పుచ్చుకొను యంత్రములు

అచ్చుయంత్రము రాకపూర్వము గ్రంథము కావలసినవాడు దానిని చేతితో వ్రాసికొనవలసి యుండెను. ఒక పండితుని యింట అపురూపమైన తాళపత్ర గ్రంథ మొకటి యున్నదనుకొనుడు. దానిని గోరి నూరుగురు శిష్యులు వచ్చిరి. గ్రంథమా ఒక్కటి, గంటములు నూరు. మొదటివాడు నెల దినములు కూర్చుండి ప్రతి వ్రాసికొని లేచిన పిదప రెండవవాడు కూర్చుండినచో, కడపటివాని వంతు వచ్చునప్పటికి ఎనిమిదేండ్లు దాటిపోవును. బుద్ధిశాలియగు గురువు అట్లు చేయడు. అతడు త్రాడు విప్పి, ఆకునకొకని వంతున గ్రంథమును పంచిపెట్టును. తనకు వచ్చిన ఆకును వ్రాసికొన్న శిష్యుడు దానిని ప్రక్కవానికి చూపి, వాని ఆకును తాను చూచి వ్రాసికొనును. అందరును శిష్యులే, అందరును ఒండొరులకు గురువులే. నెల తిరిగి మరికొన్ని దినములు గడచుసరికి నూరు ప్రతులును సిద్ధమగును.

ఇంటర్నెట్టుపై కంప్యూటర్లు ఫైళ్లను పంచుకొను పద్ధతులలో ఒకటి ఈ త్రాడు విప్పుట వంటిదే. దానికి ఆంగ్లమున పీర్ టు పీర్ అని పేరు. పీర్ అనగా సాటివాడు. సాటివారు తమలో తాము నేరుగా ఇచ్చి పుచ్చుకొనుట యని ఆ మాటకు భావము.

సాధారణముగా జరుగు పద్ధతి వేరు. సర్వరు అనబడు ఒక పెద్ద కంప్యూటరునందు ఫైలు ఉండును. కోరిన వారెల్లరు దానినే అడుగుదురు. అదియే అందరికి పంపును. ఆ సర్వరు సెకనునకు 1 మెగాబైటు మాత్రమే పంపగలదనియు, ఫైలు పరిమాణము 700 మెగాబైట్లనియు అనుకొనుడు. ఒకనికి పంపుటకు 700 సెకనులు, అనగా పండ్రెండు నిమిషములకు కొంచెము తక్కువ పట్టును. వేయిమంది అడిగినచో 7,00,000 సెకనులు, అనగా ఎనిమిది దినములకు పైగా పట్టును. అట్లుగాక, ఫైలు పొందిన ప్రతి కంప్యూటరును అదే వేగముతో మరియొకరికి పంపినచో లెక్క తారుమారగును. ఒకటి రెండగును, రెండు నాలుగగును; పది ఆవృత్తులలో 1,024 కంప్యూటర్లయందు ఫైలు ఉండును. దీనికి పట్టుకాలము 7,000 సెకనులు, రెండుగంటలకు లోపు. ఫైలును తునుకలు చేసి, పూర్తిగా చేరకముందే చేరిన తునుకలను పంచుచు వచ్చినచో కాలము ఇంకను ఎంతయో తగ్గును. అడుగువారు పెరిగినకొలది సర్వరు క్రుంగిపోవును; ఈ పద్ధతిలోనో, అడుగువారితో పాటు ఇచ్చువారును పెరుగుదురు.

ఈ భావమును లోకమునకు పరిచయము చేసినది నాప్‌స్టర్ అను ప్రోగ్రాము. షాన్ ఫానింగ్ అను అమెరికా విద్యార్థి దీనిని 1999లో వెలువరించెను. అప్పటి కాతనికి పదునెనిమిదేండ్లు. పాటలు జనుల యిండ్లలోని కంప్యూటర్లయందే ఉండెడివి. ఏ పాట ఎవరి యొద్ద నున్నదో తెలుపు పట్టిక మాత్రము నాప్‌స్టర్ వారి సర్వర్లలో నుండెడిది. వెదకువాడు పట్టికను చూచి, పాట యున్నవాని కంప్యూటరునుండి నేరుగా తెచ్చుకొనెడివాడు. రెండేండ్లు నిండకముందే కోట్లమంది దీనిని వాడిరి.

అయితే ఆ పాటలలో అధికభాగము వానిని పాడినవారి అనుమతి లేకయే చేతులు మారుచుండెను. 1999 డిసెంబరులో పెద్ద రికార్డింగు కంపెనీలు దావా వేసినవి. మరుసటి యేడు మెటాలికా అను వాద్యబృందమును న్యాయస్థానమున కెక్కెను. పాటలు తమయొద్ద లేవని నాప్‌స్టర్ వారు వాదించిరి. అది నిజమే. కాని పట్టిక వారిదే. దానివలన జరుగుచున్న దేమో వారికి తెలియును. న్యాయస్థానము ఆ వాదమును అంగీకరింపలేదు. 2001 జులైలో ఆ సేవ నిలిచిపోయెను. పట్టిక యొకచోట నుండుటయే దాని బలము, అదియే దాని ఆయువుపట్టు.

2000 మార్చిలో వెలువడిన నుటెల్లా అను పద్ధతిలో ఆ పట్టికయే లేదు. ప్రతి కంప్యూటరు తన యిరుగుపొరుగును అడుగును, వారు తమ యిరుగుపొరుగును అడుగుదురు. దీనిని ఆపుటకు ఒక తలుపు మూసిన చాలదు. అయితే ఇందు మరియొక లోపము బయటపడెను. అదే సంవత్సరము ఈటాన్ ఆడార్, బెర్నార్డో హ్యూబర్‌మన్ అను పరిశోధకులు లెక్కించి చూడగా, నుటెల్లా వాడువారిలో నూటికి సుమారు డెబ్బదిమంది తాము ఏ ఫైలును పంచుట లేదు! పుచ్చుకొనుట యందరికి ఇష్టమే, ఇచ్చుటకే చేయి రాదు. ఊరి చెరువు పూడికతీతకు రానివాడు నీటివంతునకు మాత్రము ముందు నిలుచుట వంటి దిది.

ఈ చిక్కును బ్రామ్ కోహెన్ అను అమెరికా ప్రోగ్రామరు మంచి నేర్పుతో విడదీసెను. 2001లో అతడు రూపొందించిన పద్ధతికి బిట్‌టొరెంట్ అని పేరు. టొరెంట్ అనగా ఉరవడిగల ప్రవాహము. ఇందు ఫైలును సమానమైన తునుకలుగా విభజింతురు. 700 మెగాబైట్ల ఫైలును 256 కిలోబైట్ల తునుకలు చేసినచో 2,800 తునుకలగును. ఫైలు పూర్తిగా గలిగి ఇతరులకు పంచు కంప్యూటరును సీడు, అనగా విత్తన మందురు. ఎవరెవరు పంపకములో నున్నారో తెలుపునది ట్రాకరు. అది చిరునామాలు మాత్రమే చెప్పును, ఫైలును ముట్టదు.

కోహెన్ ఏర్పరచిన ముఖ్యనియమము మన పెద్దల మాటలో ఇచ్చి పుచ్చుకొనుటయే. తనకు వేగముగా తునుకలు పంపుచున్నవారికే ప్రతి కంప్యూటరును తన తునుకలను పంపును. ఏమియు ఈయనివానిని వెనుకకు నెట్టును. అట్లయినచో ఇప్పుడే వచ్చి, చేత ఒక్క తునుకయు లేనివాని గతి యేమి? అతడు ఇచ్చుటకేమియు లేదు గనుక ఎవరును అతనికి ఈయరు. ఎవరును ఈయరు గనుక అతని కెన్నడును ఇచ్చుట కేమియు నుండదు. ఈ చిక్కు తీర్చుటకై ప్రతి కంప్యూటరును ముప్పది సెకనుల కొకసారి, యోగ్యత చూడక, ఎవరో యొకరికి తునుకలు పంపి చూచును. బేరములో ఈ చిన్న దానమే లేకున్న బేరమే మొదలు కాదు.

ఏ తునుకను ముందు తెచ్చుకొనవలె నను విషయమునకును నియమము కలదు. అందరియొద్ద నున్నది ఎప్పుడైనను దొరకును. కావున ఎవరియొద్ద గాని అంతగా లేని తునుకనే ప్రతి కంప్యూటరును ముందు కోరును. ఇందువలన అరుదైనది అరుదుగా మిగులదు.

ముక్కు మొగము తెలియనివారు పంపిన తునుకలను నమ్ముట యెట్లు? వ్రాతప్రతుల కాలమున లేఖకుని పొరపాటు ఒక ప్రతినుండి మరియొక ప్రతికి ప్రాకుచు పోయెడిది. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు కావ్యముల పెక్కు ప్రతులను తెప్పించి, పండితులచేత సరిపోల్చి దిద్దించుటకు కారణ మిదియే. కంప్యూటర్లకు ఇందులకు సులభోపాయము దొరికినది. ప్రతి తునుకనుండి గణితముచే హ్యాష్ అను ముద్రను లెక్కింతురు. తునుకలో ఒక్క అక్షరము మారినను ముద్ర మారిపోవును. ఈ ముద్రల పట్టిక గల చిన్న ఫైలే టొరెంటు ఫైలు. వచ్చిన తునుక ముద్ర పట్టికతో సరిపడనిచో దానిని పారవేసి మరల తెచ్చుకొందురు. బిట్‌టొరెంట్ మొదట వాడిన ముద్రను 2017లో పరిశోధకులు ఛేదించిరి. రెండు వేరువేరు ఫైళ్లకు ఒకే ముద్ర వచ్చునట్లు చేసి చూపిరి. కావున క్రొత్త రూపమున అంతకంటె దృఢమైన ముద్రను వాడుచున్నారు. ఒక్క సంగతి మాత్రము మరువరాదు: తునుక మార్పులేక చేరినదా యని ముద్ర చెప్పును గాని, మొదట ఫైలు పెట్టినవాడు మంచివాడా యని చెప్పదు. ప్రఖ్యాతమైన పేరు తగిలించిన ఫైలులో వైరసు దాగియుండవచ్చును.

ఈ పద్ధతి ఎంత బరువు మోయగలదో 2003లో తెలిసినది. రెడ్‌హ్యాట్ లినక్స్ తొమ్మిదవ కూర్పు విడుదలయినప్పుడు దానిని బిట్‌టొరెంట్ ద్వారా పంచిరి. దాని పరిమాణము 1.77 గిగాబైట్లు. మొదటి ఐదు దినములలో ఏబదివేలకు పైగాను, ఐదు నెలలలో లక్షా ఎనుబది వేలకు పైగాను కంప్యూటర్లు ఆ పంపకములో పాల్గొన్నట్లు పరిశోధకులు లెక్కించిరి. లినక్స్ స్వేచ్ఛగా పంచుకొనుటకు దాని కర్తలే అనుమతించినది గనుక ఇందు ఎవరి హక్కునకును భంగము లేదు. 2012లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయమును తన పుస్తకములను, సంగీతమును పది లక్షలకు మించిన టొరెంట్ల రూపమున అందించెను.

పద్ధతి యొకటి, దానిచే పంచబడు వస్తువు వేరొకటి. 2005లో గ్రోక్‌స్టర్ అను సంస్థ వ్యాజ్యెమున అమెరికా సుప్రీంకోర్టు, పరుల హక్కును హరించుటకే ప్రోత్సహించుచు సాధనమును పంచిపెట్టినవాడు బాధ్యుడగునని ఏకగ్రీవముగ తీర్పు చెప్పెను. భారతదేశమున 1957 నాటి కాపీరైటు చట్టము గ్రంథకర్తకు, గాయకునకు, చలనచిత్ర నిర్మాతకు రక్షణ నిచ్చుచున్నది. క్రొత్త చలనచిత్రమును టొరెంటునుండి తెచ్చుకొనువాడు తాను తెచ్చుకొనుచున్నా ననియే తలచును. కాని ఆ క్షణముననే అతని కంప్యూటరు దానిని ఇతరులకు పంచుచుండును. అతని కంప్యూటరు చిరునామా పంపకములోని వారెల్లరికి కనబడుచుండును.

2005 నుండి ట్రాకరు లేకున్నను పని జరుగు ఉపాయము బిట్‌టొరెంట్‌లో చేరినది. చిరునామాల పట్టికనే ముక్కలు చేసి, లక్షల కంప్యూటర్లు తలకొంచెము మోయును. అయినను ఒక ఆపద మిగిలియున్నది. తమ పని తీరినంతనే సీడులు ఒకటొకటిగా వెడలిపోయినచో, పంపకములో మిగిలిన వారందరియొద్దను అవే 2,799 తునుకలు ఉండవచ్చును. మిగిలిన యొక్క తునుక ఎవరియొద్దను లేదు. ఫైలు పూర్తి కాదు; ఒకరికొకరు ఇచ్చుకొనుటకును ఏమియు లేదు. ఎక్కడనో ఒక యింట, ఆ తునుక గలవాడు తన కంప్యూటరును మరల తెరచునంతవరకు ఆ యంత్రములన్నియు రేయింబవళ్లు ఎదురుచూచుచుండును.