కౌన్సెలర్‌కి మన బాధ తెలిసుండాలా?

ప్రశ్న: మా అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఎవరు పలకరించినా ఏడుపొస్తోంది. అక్క బలవంతం మీద కౌన్సెలింగ్‌కి వెళ్లాను. ఆవిడకి ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారట. తల్లి లేని బాధ ఆవిడకేం తెలుస్తుంది? అనుభవించినవాళ్ల దగ్గరికే వెళ్లాలా? మీ సంగతేమిటి?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అడిగారు కాబట్టి ముందు నా సంగతే చెబుతానమ్మా. నేను ఇంటర్ చదువుతుండగా మా నాన్న మాట్లాడటం మానేశారు. పత్తి పోయి అప్పు మిగిలిన ఏడాది అది. పొద్దున్నే అరుగు మీద కూర్చునేవారు. అమ్మ పెట్టిన టీ మీద తెట్టు కట్టేది గానీ ఆయన చెయ్యి గ్లాసు దాకా వెళ్లేది కాదు. వచ్చినవాళ్లంతా ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పి వెళ్లారు. ‘నీకేమనిపిస్తోంది?’ అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ అడగని మాటే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చింది.

అదే అనుభవం ఒకసారి నా కళ్లకు అడ్డం పడింది. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక రైతు కొడుకు వాళ్ల నాన్న గురించి చెబుతున్నాడు (ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను). ‘నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఇంతే’ అనేశాను. ఆ కుర్రాడు చెప్పడం ఆపేశాడు. నేను అతనిలో జాలి ఉందనుకున్నాను. ఉన్నది కోపమని తెలియడానికి మరో రెండు వారాలు పట్టింది. అప్పటినుంచి ‘నాకు తెలుసు’ అనే మాట నా గదిలో వాడను.

ఆత్మహత్య ఆలోచనలతో నలిగిపోయేవారి కోసం డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించిన అమెరికన్ సైకాలజిస్టు మార్షా లినెహన్, పదిహేడేళ్ల వయసులో తానే మానసిక వైద్యశాలలో ఉన్నారు. ఆ సంగతి 2011లో గానీ లోకానికి చెప్పలేదు. అప్పటికి ఇరవై ఏళ్ల ముందే, 1991లో, తన పద్ధతిని రోగులతో పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. నేను పడ్డాను కాబట్టి నా మాట నమ్మండి అనలేదు. ఆమె అనుభవం ఆమెను ఆ పనికి పురిగొల్పింది. రోగులకు మేలు చేసింది మాత్రం పరీక్షకు నిలిచిన పద్ధతి.

కాబట్టి ఆ అమ్మాయి వయసు చూడకండి. మీ అమ్మగారి గురించి అడుగుతోందా? మీరు ఏడిస్తే కంగారుపడకుండా కూర్చుంటోందా? పోయినసారి చెప్పింది గుర్తుంచుకుందా? అవి చూడండి. నాకు రాసిన ఈ సందేహాన్ని ఆమెనే అడగండి. మంచి కౌన్సెలర్ నొచ్చుకోదు. నాలుగైదుసార్లు వెళ్లాక కూడా మనసు విప్పలేకపోతే వేరొకరి దగ్గరికి మారడం తప్పేమీ కాదు.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ తప్పి దిగులులో పడ్డాడు. కౌన్సెలర్ వారానికో గంట మాట్లాడించి పంపుతారు. ఒక్క సలహా ఇవ్వరు. ఫీజు దేనికి?
– ఓ తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: సలహాలు మీ అబ్బాయికి ఇంట్లో, వీధిలో చాలానే దొరికి ఉంటాయండీ. ‘నేను దేనికీ పనికిరాను’ అనేవాడితో ‘నువ్వు బంగారం’ అంటే తలూపుతాడు, నమ్మడు. అందుకే నేను ఒక కాగితం మధ్యలో గీత గీసి ఇస్తాను. ఆ మాటకి సాక్ష్యాలు ఒకవైపు, ఎదురు సాక్ష్యాలు ఇంకోవైపు అతనే రాయాలి. మొదటివైపు ‘మూడు సబ్జెక్టులు పోయాయి’ అని టకటకా రాసేస్తారు. రెండోవైపు పెన్ను కదలదు. చాలాసేపటికి ‘తాతయ్యని ఆస్పత్రికి నేనే తిప్పాను’ అని ఒక్క ముక్క పడుతుంది. ఎవరో చెప్పింది కాదు, తన చేత్తో రాసుకుంది కనుక అది నిలుస్తుంది. ఆరోన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీ నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఇంటికి రాగానే ‘ఏం చెప్పావు?’ అని మాత్రం అడగకండి. ‘అన్నం తిందాం రా’ అనండి.

ప్రశ్న: వెళ్లాలనే ఉంది. నలుగురికీ తెలుస్తుందేమోనని భయం. అర్హత ఉన్నవారిని ఎలా గుర్తించాలి?
– ఓ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: మానసిక చికిత్స పొందేవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్ చెబుతోంది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవేమిటో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగండి. కౌన్సెలర్ అయితే ఏం చదివారో, ఎవరి దగ్గర శిక్షణ పొందారో అడగండి. బోర్డు ఒక్కటే అర్హత కాదు. మందులు అవసరమైతే రాయాల్సింది సైకియాట్రిస్టు.

గడప దాటడానికి ఇంకా జంకుగా ఉంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మా నాన్న రోజుల్లో ఇలాంటి నంబరు లేదు. ఇప్పుడుంది. మీ అరుగు మీద కూడా ఎవరైనా అలా మౌనంగా కూర్చుని ఉంటే, ధైర్యం చెప్పే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి.