కోట గోడమీది వాక్యం



ఫ్రాన్సు దేశంలో షేర్ అనే నదిమీద షెనోన్సో అనే కోట ఉంది. నదిలో కట్టిన కమానులపై నిలిచిన ఆ కోటను చూడటానికి ఏటా లక్షలాదిమంది వెళతారు. కతెరీనా దె మెదిచి మహారాణి వంతెనమీద కట్టించిన 60 మీటర్ల పొడవైన మందిరాన్నీ, పూలతోటలనూ చూసి ముచ్చటపడతారు. అయితే మనం నేర్చుకోవలసిన పాఠం రెండు చిన్న గదుల్లో ఉంది.

మొదటిది ప్రార్థనాలయం. దాని గోడమీద 1543వ సంవత్సరం వేసి చెక్కిన ఒక వాక్యం నేటికీ కనిపిస్తుంది. స్కాట్లాండు భటులు చెక్కారని చెబుతారు. మనిషి కోపం దేవుని న్యాయాన్ని నెరవేర్చదు అని దాని భావం. పునీత యాకోబుగారు తన లేఖ మొదటి అధ్యాయంలో బోధించినది ఇదే.

రెండవది పై అంతస్తులోని నల్లని గది. అది లూయీజ్ రాణిది. 1575లో ఆమె ఫ్రాన్సు రాజు మూడవ హెన్రీని పెండ్లాడింది. వారికి సంతానం కలగలేదు. ఆనాడు దేశంలో కతోలికులకూ ప్రొటెస్టంటులకూ మధ్య యుద్ధాలు. కతోలిక కూటమి నాయకుడు గీజ్ ప్రభువు తన అధికారానికి అడ్డు వస్తున్నాడని రాజు 1588 డిసెంబరు 23న అతన్ని చంపించాడు. మరునాడు, అంటే క్రిస్మస్ ముందురోజు, అతని తమ్ముడైన కార్డినలును కూడా చంపించాడు. ఆ అన్నదమ్ములు లూయీజ్ పుట్టింటి వంశంవారే. ఎనిమిది నెలలు తిరగకముందే 1589 ఆగస్టు 1న జాక్ క్లెమెంట్ అనే దోమినికన్ సన్యాసి రాజును కత్తితో పొడిచాడు. తాను దేవుని పనే చేస్తున్నానని అతడు నమ్మాడు. మరునాడు రాజు మరణించాడు.

పుట్టింటివారిని మెట్టినింటివారు చంపారు. మెట్టినింటి దీపాన్ని మతం పేరిట మరొకడు ఆర్పాడు. మధ్యలో మిగిలింది ఒక స్త్రీ. ఆమె తన గదికి నలుపు వేయించి, గోడలమీద వెండి కన్నీటి బొట్లు, ముళ్ళ కిరీటాలు చిత్రింపజేసింది. ఆనాటి రాణుల ఆచారం ప్రకారం తెల్లబట్టలు కట్టి, ప్రార్థనలో కాలం గడిపింది. ప్రజలు ఆమెను తెల్ల రాణి అన్నారు. 1601లో మూలాన్ పట్టణంలో కన్నుమూసింది.

కోపమంతా పాపమేనా? కాదు. బుద్ధికి లోబడి, న్యాయాన్నే కోరే కోపం పాపం కాదని పునీత తోమా అక్వినాసుగారు బోధించారు. బుద్ధిని తోసేసి కోపమే న్యాయాధిపతి పీఠం ఎక్కినప్పుడు పాపం మొదలవుతుంది. అది దేవుని పేరు పెట్టుకుంటే మరీ ప్రమాదం. ఎందుకంటే అప్పుడు మనిషికి పశ్చాత్తాపం కలగదు.

మన విచారణల్లో కత్తులు లేకపోవచ్చు. కాని గట్టు తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములు ఒకే దేవాలయంలో చెరొక వైపు కూర్చోవడం లేదా? పండుగ ఖర్చుల లెక్కల దగ్గర, దేవుని సొత్తు కోసమే అంటూ పాతపగలు తీర్చుకోవడం లేదా? అటువంటి పగకు మూల్యం చెల్లించేది తగవులాడినవారు కాదు. ఇటు పుట్టింటికి పోలేక, అటు అత్తింట నోరు విప్పలేక నలిగే ఇల్లాలు. మేనమామ ఇంటి గడప తొక్కవద్దన్న పిల్లలు.

బలిపీఠం చెంత కానుక ఉంచి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి సువార్త అయిదవ అధ్యాయంలో ఆజ్ఞాపించారు. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగమని అనలేదు.

విందుల కోసం వాడిన ఆ నదిమీది మందిరమే 1914 నుండి 1918 వరకు సైనిక ఆసుపత్రిగా మారి, 2,000 మందికి పైగా క్షతగాత్రులకు నీడనిచ్చింది. కోట గోడలు మారగలిగినప్పుడు మన హృదయాలు మారలేవా?

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి:

1. మన ఇంట్లో ఎవరి పేరు ఎత్తకూడదని నియమం ఉంది?

2. ఆ పగవల్ల మౌనంగా కన్నీరు కారుస్తున్నది ఎవరు?

3. వచ్చే ఆదివారం దివ్యబలిపూజకు ముందు ఎవరి గడప తొక్కాలి?

సమాధానకర్తయైన ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.